వందన గొంగడి

మా ఇంట్ల ఆదివారం వచ్చిందంటే నిద్రపండుగే. మా ఆయన ఈశ్వర్ వారమంత తాండూరుల బండల పాలిష్ మిషన్ కాడ నిలబడి నిలబడి, ఆ ఒక్కనాడు మంచం దిగడు. అసొంటి మనిషి, శ్రావణంల ఒక ఆదివారం నాకంటే ముందే లేచిండు. తానం జేసి, జుట్టుల బండల పొడి పోయేటట్టు దువ్వుకొని, "నాగరాణీ, సద్ది గట్టు. గుట్ట మీద బాపు గుడిసెకు పోదాం. అందరం" అన్నడు.

"ఏం పుట్టింది నీకు? హైదరాబాదోళ్ల గాలి సోకిందా?" అన్న నేను.

వానకాలం వస్తే చాలు, కార్లేసుకొని వస్తరు గద వాళ్లు మా దిక్కు గుట్టలెక్కనీకి. చేతుల కర్రలు, నెత్తికి టోపీలు, వీపున సంచులు. మా మామ గొర్లెంట దినాం ఎక్కి దిగే గుట్టను వాళ్లొక్కసారి ఎక్కి, ఫోటోలు దిగి, లంకను గెలిచినట్టు మురుస్తరు. నాకైతే నవ్వాగదు.

ఈశ్వర్ నవ్వలే. తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించి, "సత్యమ్మ కోసం" అన్నడు.

నేను లేచి పోయి పిండి కలుపుకున్న.

సత్యమ్మ నా ఆడబిడ్డ, ఈశ్వర్‌కు చెల్లె. పోయిన వానకాలం ఆమె ఒక్కగానొక్క బిడ్డ వందన జరమొచ్చి సచ్చిపోయింది. నాలుగేండ్ల పిల్ల. పొద్దుగాల ఒళ్లు కాలింది, దవాఖానల పెట్టినం, మూడోనాటికి లేదు. అప్పటి సంది సత్యమ్మ ఏడ్వలే. అందరం ఏడ్చినం, ఆమె ఏడ్వలే. మాట్లాడుడు బందయింది. తిండి ముందర పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునుడు. మొగుడు బాలప్ప పరేషాన్ అయి, "నాల్గు దినాలు మీ తాన ఉంటే మారుతదేమో అక్కా" అని తెచ్చి దింపి పోయిండు. నెలలైపాయె.

అన్నిటికంటే నాకు బాధయ్యేది ఒక్కటే. ఆమె నా బిడ్డ నిఖిలను చూసేది కాదు. నిఖిల, వందన ఒక్క ఈడు పిల్లలు, వరుసకు వదినె మరదండ్లు. ఒకళ్ల జుట్టు ఒకళ్లు పీక్కుంట, మల్ల ఒక్క పళ్లెంల తినుకుంట పెరిగినోళ్లు. ఇప్పుడు నిఖిల "అత్తా" అనుకుంట అర్రలకొస్తే, సత్యమ్మ లేచి బయటికి పోతది. నా నోరు మంచిది కాదు, మా గల్లి మొత్తానికి ఎరుకే. ఆ నోటితోని కూడ నేను ఆ సంగతి అడగలే.

అట్ల పోయినం. కోట్‌పల్లి ప్రాజెక్టు దాటిందాక ఆటోల, అక్కడికెల్లి నడక. నిఖిల పసుప్పచ్చ ఫ్రాకు వేసుకొని అందరికంటే ముందు ఉరుకుడు. సీతాఫలం చెట్లకు పిందెలు పడ్డయి. గడ్డి మోకాళ్లెత్తు పెరిగి పచ్చగ ఉన్నది. "తాత గుడిసె ఇంకెంత దూరం?" అని ఆ పోరి అడుగుడు, "గదే, గా మలుపు తిరిగితే" అని ఈశ్వర్ ప్రతి మలుపు కాడ అబద్ధం చెప్పుడు. సత్యమ్మ ఎనుక, కొంగు తలమీద కప్పుకొని, బాట దిక్కే చూసుకుంట వచ్చింది.

మా మామ కిష్టప్ప వానకాలమంత ఆ గుట్ట మీదనే ఉంటడు. కింద చేన్లల్ల కంది, జొన్న మొలకెత్తి ఉంటయి గద, గొర్లు దూరితే తలలు పగుల్తయి. అందుకే పంట కోతలయిందాక మంద పైననే. ఒక గడ్డి గుడిసె, దానికి తడక తలుపు, పక్కకు ముండ్లకంచె దొడ్డి. అంతే. వందన బతికున్నప్పుడు ఆ గుడిసె దానిదే. తాత ఎంట ఉంటనని ఏడ్చి మరీ ఉండేది.

మమ్ముల చూసి ముసలాయన మొకం వెలిగింది. "ఏం కోడలా, సద్ది తెచ్చినవా, నీ నోరొక్కటే తెచ్చినవా?" అన్నడు.

"నీ కొడుకు రెండు మోసుకొచ్చిండు మామా" అన్న.

ఆయన నవ్వుకుంటనే బిడ్డ దిక్కు చూసిండు. నవ్వు సగంలనే పోయింది. సత్యమ్మ దొడ్డి కాడ బండ మీద కూసున్నది.

ఆ పొద్దున్నే ఒక గొర్రె ఈనిన పిల్ల సచ్చిందంట. మందల ఇంకో పిల్ల ఉన్నది, దాని తల్లి పాము కరిచి సచ్చింది. మామ ఏం జేసిండంటే, సచ్చిన పిల్ల తోలు తీసి, ఆ తల్లి లేని పిల్ల వీపు మీద కప్పి, పొట్ట కింద తాళ్లతోని కడుతున్నడు.

"తాతా, దానికి అంగి తొడుగుతున్నవా?" అని నిఖిల అడిగింది.

"ఔ బిడ్డా. సూడు ఇప్పుడు తమాషా."

పిల్లను తీస్కపోయి ఆ గొర్రె ముందర ఇడిసిండు. గొర్రె ముందుగాల తలతోని నూకింది. మల్ల ఆగి, తోక కింద వాసన చూసింది. వీపంత వాసన చూసింది. గొంతుల సన్నగ ఒక మూలుగు మూలిగి, కదలకుండ నిలబడ్డది. పిల్ల మోకాళ్ల మీద వంగి, తోక ఆడించుకుంట పాలు తాగింది.

"మోసం గద మామా" అన్న.

"మోసమే అమ్మా. గాని రెండు పానాలు నిలబడ్తయి" అన్నడు. "పాలు మరిగిందాక ఉంచి తోలు తీసి పారేస్తం. మరిచిపోయి ఉంచినమనుకో, పురుగు పడ్తది."

సత్యమ్మ రెప్ప కొట్టకుండ ఆ గొర్రెనే చూస్తున్నది. మామ ఆమెను చూస్తున్నడు. ఆయన మనసుల ఏమున్నదో అప్పుడు నాకేం తెలుసు.

తిన్నం, పండుకున్నం, నిఖిల మేకపోతు ఎంట ఉరికి ఉరికి అలిసింది. ఇగ దిగుదామని సంచి సర్దుతుంటే మొగులు ఒక్కసారి కమ్మింది. గుట్టల వాన అడిగి రాదు. కొట్టుడు మొదలు పెట్టిందంటే ఎదురుంగ ఉన్న మనిషి కనపడడు. అందరం గుడిసెల దూరినం. ఈశ్వర్ "నేను వాగు చూసొస్త, నీళ్లొస్తే దాటలేం" అని బస్తాసంచి నెత్తిమీద కప్పుకొని పోయిండు. నిఖిల నిలువునా తడిసింది, సలికి పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. దాని పసుప్పచ్చ ఫ్రాకు విప్పి, పొయ్యి మీది తాడుకు ఆరేసిన. తుడవనీకి పొడి బట్ట కూడ లేదు.

మామ లేచిండు. నడిమి గుంజకు ఏలాడుతున్న ఒక చిన్న గొంగడి తీసిండు.

చూడంగనే గుర్తు పట్టిన. అది వందన గొంగడి.

పిల్ల పోయినప్పుడు దాని బట్టలు, గాజులు, బొమ్మ, బొంత అన్నీ పారేసినం. గొంగడి పారెయ్యలే. మా కులంల గొంగడికి మైల లేదు. సావైనా పుట్టుకైనా దాన్ని ముట్టదు, దేవుని కాడ పరుస్తం. అందుకే మామ దాన్ని గుడిసెలనే ఉంచుకున్నడు. వందన ముద్దుగ సాదుకున్న గొర్రె ఉన్ని కత్తిరించి, దాని ఒంటికి సరిపోయేటట్టు నేయించిన గొంగడి.

"మామా..." అన్న.

"సలికి సస్తది పిల్ల" అని నా దిక్కు చూడకుండనే, నిఖిల తలమీదికెల్లి కప్పి, గొర్లకాపరోళ్లు వానల కప్పుకునేటట్టు టోపీ లెక్క కుచ్చి జేసి, గదుమ కింద ముడేసిండు. ఎత్తుకొని తీస్కపోయి సత్యమ్మ ఒడిల పెట్టిండు.

"జర పట్టుకో బిడ్డా. వణుకుతున్నది."

సత్యమ్మ కట్టె లెక్క బిగుసుకపోయింది. ఇప్పుడు నూకేస్తది, ఇప్పుడు నూకేస్తది అనుకున్న. నూకలే. తల మెల్లగ వంచింది. పిల్ల నెత్తి వాసన చూసింది. మెడ వాసన చూసింది. ఆమె గొంతుల ఒక మూలుగు వచ్చింది. పొద్దుగాల దొడ్డిల విన్న చప్పుడే. ఇంక అంతే, ఏడాది సంది కడుపుల దాసుకున్న ఏడుపంత కట్ట తెగినట్టు వచ్చింది.

"ఏడువు బిడ్డా, ఏడువు" అనుకుంట మామ కూడ ఏడ్చిండు. నేను ఏడ్చిన. నా బిడ్డ ఆమె ఒడిల ఉన్నదని నాకు రవ్వంత కూడ బాధ లేదు, సత్యంగ చెప్తున్న. సంతోషమే అయింది.

జరసేపటికి కండ్లు తుడుచుకొని, "వదినె, రొట్టె ఉన్నదా?" అన్నది. ఎన్ని నెలలకు విన్న ఆ గొంతు! ఉన్న రొట్టెలన్ని ముందర పెట్టిన. తాను తినుకుంట, ఒడిల పిల్లకు పెట్టుకుంట కూసున్నది. బయట పొద్దుమూకుతున్నది. వాన సప్పుడు, పొయ్యి పొగ, తడి ఉన్ని వాసన. ఆ వాసనల సన్నగ కొబ్బరినూనె వాసన వచ్చింది. నిఖిలకు నేను కొబ్బరినూనె పెట్టను, పడదు దానికి. దినాం కొబ్బరినూనె పెట్టుకునేది వందన.

అప్పుడు చూసిన. పిల్ల ఎర్రకారం అద్దుకొని తింటున్నది.

"ఓ పోరీ! ఇంట్ల కారం పేరు చెప్తే లబలబలాడ్తవు. ఇక్కడ ఎట్ల తింటున్నవే?"

పిల్ల నా దిక్కు చూడలే. "ఇంకొంచెం పెట్టమ్మా" అన్నది సత్యమ్మతోని.

"అమ్మను నేను, మొద్దూ!" అని నవ్విన.

గొంగడి కుచ్చి మెల్లగ నా దిక్కు తిరిగింది. పొయ్యి వెలుగుల మొకం సగమే కనపడ్డది.

"నువ్వు అత్తమ్మవు గద" అన్నది.

ఆట ఆడుతున్నదనుకొని ఇంకోసారి నవ్విన. ఎవరూ నవ్వలే. సత్యమ్మ రెండు చేతులు పిల్ల చుట్టూ బిగిసినయి. మామ చేతిల చిలుం కింద పడ్డది.

అప్పుడే... బయట...

"అమ్మా..."

గొర్రెపిల్ల అనుకున్న. తల్లిని ఇడిసిన పిల్ల అట్లనే అరుస్తది.

"అమ్మా... తడక తియ్యి..."

కాదు. కన్నతల్లికి ఆ గొంతు తెల్వదా! ఒడిల ఉన్న పిల్లను చూసిన. తడక దిక్కు చూసిన. లేచి నిలబడ్డ.

"పోకు కోడలా" అన్నడు మామ.

నేను పోయిన.

వాన. చీకటి కాలే, గాని కండ్లకు ఏదీ ఆనుతలేదు. దొడ్డి కాడ గొర్లు ఒకదానికొకటి ఒరుసుకొని నిలబడ్డయి. వాటి నడుమ నిఖిల. పసుప్పచ్చ ఫ్రాకు ఒంటికి అతుక్కపోయి ఉన్నది. ఆ ఫ్రాకు లోపల తాడు మీద ఉన్నది... నేనే ఆరేసిన...

"అమ్మా, సలి" అన్నది.

ఉరికి పోయి ఎత్తుకోబోయిన. నా చేతులకు నీళ్లే తగిలినయి. మల్ల పట్టుకున్న... మల్ల నీళ్లే. కండ్లముందర ఉన్నది, ఏడుస్తున్నది, చేతికి అందుతలేదు. ఒక గొర్రె దాని ఒంట్లకెల్లే నడిచి పోయింది.

"లోపల ఎవరో ఉన్నరమ్మా" అన్నది నిఖిల. "నన్ను రానిస్తలేరు."

ఎట్ల లోపలికొచ్చిన్నో నాకు యాది లేదు.

"సత్యమ్మా, పిల్లనియ్యి నాకు!"

"ఇయ్య."

"గది నా బిడ్డ ఒళ్లు! నా బిడ్డ బయట వానల ఉన్నది!"

సత్యమ్మ గోడకు ఒదిగింది. "జర ఉండనియ్యి వదినె. ఒక్క రాత్రి. తెల్లారంగ నేనే ఇస్త. నీ కాళ్లు మొక్కుత."

నేను గొంగడి అంచు పట్టుకొని గుంజిన. లోపలికెల్లి సన్నగ ఏడుపు గొంతు వచ్చింది.

"కొట్టకు అత్తమ్మా... నన్ను మల్ల పంపకు... ఆడ ఎవరూ లేరు."

నా చెయ్యి దానంతటదే ఇడిసింది. ఆ పిల్లకు పురుడు పోసినప్పుడు మొదటి తానం నేనే పోసిన. నేనెట్ల గుంజాలె? చెప్పుండ్రి, ఎట్ల గుంజాలె?

మామ తాళ్లు కోసే కత్తి తీస్కొని లేచిండు. ముడి కాడికి తెచ్చిండు. కుచ్చిల నుంచి "తాతా" అన్నది అది. కత్తి అట్లనే పట్టుకొని ముసలాయన కూలబడ్డడు. "నా సేతులతోనే తొడిగిన... నేనే తొడిగిన" అనుకుంట నేల కొట్టుకున్నడు.

బయట "అమ్మా..." దూరమైంది. దొడ్డి కాడికెల్లి కాదు. వాగు దిక్కు నుంచి వస్తున్నది. దిగిపోతున్నది పోరి...

నేను అరుచుడు ఆపేసిన. సత్యమ్మ కాళ్ల మీద పడ్డ.

"నాకున్నది అదొక్కటే సత్యమ్మా. నీకెరుకే, బిడ్డ పోతే ఎట్లుంటదో. నీకు తప్ప ఇంకెవరికెరుక?"

ఆమె చెవి పెట్టి విన్నది. వాన సప్పుడు. చానా దూరంల, సన్నగ, "అమ్మా..."

"గా పిల్ల గూడ తల్లినే పిలుస్తున్నది" అన్నది సత్యమ్మ, తనతోని తానే చెప్పుకున్నట్టు.

గొంగడి కుచ్చిల మొకం పెట్టింది. గుసగుసగ ఏదో చెప్పింది. చానాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క వినపడలే. లోపలికెల్లి వచ్చిన జవాబు మాత్రం వినపడ్డది.

"సరే అమ్మా."

సత్యమ్మ తన చేతులతోనే ముడి ఇప్పింది. గొంగడి జారి కింద పడ్డది. నా నిఖిల... కండ్లు మూసుకొని, చల్లబడి, పెదవులు నల్లబడి ఉన్నది. గుంజుకొని రొమ్ముకు అదుముకున్న. పొయ్యి కాడికి ఉరికిన. అరికాళ్లు రుద్దిన, ఊదిన, పేరు పెట్టి పిలిచిన. పిలువంగ పిలువంగ ఒక్క దగ్గు దగ్గి, "అమ్మా" అని ఏడ్చింది. ఆ ఏడుపు కంటే మంచి చప్పుడు నా బతుకుల వినలే.

దాని కాళ్లకు మోకాళ్ల దాక బురద. ముండ్లు గీరి నెత్తురు కారుతున్నది. గొంగడి కప్పిన కాడికెల్లి పిల్ల ఒడి దిగలే.

వాన తెరపిచ్చినంక ఈశ్వర్ తిరిగొచ్చిండు, వాగు నిండుగ పారుతున్నదన్నడు. ఏం కనపడలే, ఏం వినపడలే అన్నడు. తెల్లారి వాగు తగ్గినంక దిగినం. గొంగడిని మామ మూడు బాటల కాడ కాలబెట్టిండు. మైల లేని దాన్ని కాలబెట్టుడు మా వంశంల అదే మొదలు.

దిగేటప్పుడు సత్యమ్మ అందరికంటే ముందు నడిచింది. కొంగు ముందరికి గట్టిగ కప్పుకున్నది. నిఖిల చెయ్యి పట్టుకుంటనంటే వద్దనలే, దాని తల నిమిరింది. నేను వదినెను గద, ఆమె పక్కకు పోయి నడిచిన. ఆమె జాకెట్ ముందర తడిసి ఉన్నది. రాత్రి వాన అనుకున్న.

ఇంటికొచ్చినంక కూడ తడి ఆరలే. పాల వాసన వచ్చింది.

తాండూరుల డాక్టరమ్మ కాడికి తీస్కపోయిన. "చంటిపిల్ల ఉన్నదా?" అని అడిగింది. లేదన్న. గోళీలు రాసిచ్చి, "తాగేటోళ్లు లేకుంటే కొన్ని దినాలకు అవే ఇంకిపోతయి, ఫికర్ జేయకు" అన్నది. మా మామ కూడ గొర్ల సంగతి చెప్పిండు, తాగే పిల్ల లేకుంటే పొదుగు ఎండుతదని. ఇద్దరూ ఒక్క మాటే చెప్పిండ్రు. శ్రావణం పోయింది, దీపావళి పోయింది, ఉగాది వస్తున్నది.

సత్యమ్మ ఇప్పుడు మంచిగున్నది. తింటది, నవ్వుతది, నిఖిలకు జడలేస్తది. బాలప్ప వచ్చి చూసి, చేతులు జోడించి నాకు దండం పెట్టిండు. ఉగాదికి తీస్కపోతనన్నడు. నేనేం చెప్పలే. జాకెట్లు ఉతికేది నేను, నాకే ఎరుక. సంజెదీపం పెట్టేయాళ్లకు తడిసి కారుతుంటయి. అప్పుడు ఆమె ఎనుక అర్రలకు పోయి తలుపేసుకుంటది. కొంచెంసేపటికి బయటికొస్తే పొడిగుంటయి.

నిన్న నిఖిల నా పక్కనే ఉన్నది, నా కొంగు పట్టుకొని. తలుపు కాడ నిలబడి విన్న. సత్యమ్మ చప్పుడు లేదు. సన్నగ... గుటక... గుటక... మింగుతున్న చప్పుడు. ఒకసారి ఊపిరి పీల్చుకున్నది. మల్ల మొదలు పెట్టింది.

తలుపు మీద చెయ్యి పెట్టిన. తియ్యలే. తీసి ఏం జెయ్యాలె? ఇంకోసారి కాళ్లు పట్టుకొని, పంపెయ్యమని చెప్పాల్నా? నిఖిలను ఎత్తుకొని వంటింట్లకు వచ్చి, పెనం పెట్టి, రొట్టెలు చేసుకుంట కూసున్న. కండ్ల నీళ్లు పిండిల పడ్తున్నయి.

జరసేపటికి సత్యమ్మ వచ్చింది. జుట్టు సర్దుకొని, కొంగు దోపుకొని, నా పక్కన కూసున్నది. ఆమె మొకం ఎంత సల్లగున్నదో చెప్పలేను.

"వదినె, రేపటి సంది నాకు రెండు రొట్టెలు ఎక్కువ చెయ్యి" అన్నది మెల్లగ. "ఈ నడుమ పాలు చాలుతలేవు."